చక్రం వెనక పనసకాయ

“నాకు హెచ్ వచ్చు, బండి నడపడం మాత్రం రాదు.” కేరళలోని మా ఇడుక్కి కొండల్లో ఈ మాట అంటే ఎవరూ నవ్వరు, సగం మందిది అదే సంగతి. లైసెన్సు కావాలంటే మైదానంలో ఇనప కడ్డీలు పాతి, వాటి మధ్య ఇంగ్లీషు హెచ్ అక్షరం లాంటి దారి ఏర్పాటు చేసి, అందులో బండిని ముందుకీ వెనక్కీ నడిపించమంటారు. కడ్డీకి తగిలితే పోయినట్టే. మధ్యలో ఇంజను ఆగినా పోయినట్టే. దాన్ని మావాళ్లు ‘హెచ్ తీయడం’ అంటారు. పిల్ల ప్లస్ టూ పాసైందా అని అడిగే గొంతుతోనే హెచ్ తీసిందా అని కూడా అడుగుతారు.

హెచ్ తీయించడానికి మా దివాకరన్ ఆశాన్ దగ్గర ఒక కిటుకుంది. డ్రైవింగ్ నేర్పే గురువును మేం ఆశాన్ అంటాం. ఆయన కారు వెనక అద్దానికి రెండు బొట్టుబిళ్లలు అంటించి ఉంటాయి. ఆయన భార్యవే. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది.

“మూడో కడ్డీ ఎర్రబొట్టు దగ్గరికొచ్చిందా, స్టీరింగు ఎడమకి మొత్తం తిప్పెయ్. ఐదో కడ్డీ ఆకుపచ్చబొట్టు కిందకొచ్చిందా, కుడికి మొత్తం. అంతే చేచ్చీ, ఇంకేం ఆలోచించకు. ఆలోచించినవాళ్లెవరూ పాసవలేదు” అనేవాడు. చేచ్చీ అంటే అక్క; మగవాళ్లనైతే చేట్టా అంటాం.

నేను యాభై రెండేళ్ల క్రైస్తవురాలిని. నుదుటన ఏనాడూ బొట్టు పెట్టినదాన్ని కాదు. కానీ ఆ ఆర్నెల్లు ఆ రెండు బొట్లను నమ్ముకున్నంతగా మా గోడమీది పటంలోని గీవర్గీస్ పుణ్యవంతుణ్ణి కూడా నమ్ముకోలేదు.

నా పేరు త్రేసియా. ఈ వయసులో నాకీ పిచ్చేమిటని మా చర్చిలో చాలామంది అడిగారు. దానికి కారణం నా మొగుడు, జీపు పైలీ.

ముప్పై నాలుగేళ్లు ఆయన ఈ కొండల్లో ట్రిప్పు జీపు నడిపాడు. ఏలకుల తోటలకు కూలీలను చేరవేసే జీపు, పదిమంది పట్టేచోట పద్దెనిమిది మంది ఎక్కేది. ఒక్క గీత పడలేదు దానికి. పైలీ నడిపితే నెలలు నిండిన ఆడది కూడా కునుకు తీస్తుందని చెప్పుకొనేవారు. ఆయన మాత్రం కదిలే బండిలో ఏనాడూ కన్ను మూయలేదు. కోట్టయం వెళ్లే బస్సులో కూడా డ్రైవరు వెనక సీటు చూసుకొని కూర్చుని, ప్రతి మలుపులో తన కాలితో లేని బ్రేకు తొక్కుతూ ఉండేవాడు.

అలాంటి మనిషికి చక్కెర జబ్బు కళ్లకు తగిలింది. కిందటి క్రిస్మస్‌కు వారం ముందు కోట్టయంలో కంటి డాక్టరమ్మ దీపం వేసి చూసి, కుడి కంట్లో రక్తం చిమ్మిందనీ, ఎడమ కంట్లో నడిమధ్య మచ్చ ఏర్పడిందనీ చెప్పింది. నెలనెలా వచ్చి సూది వేయించుకోవాలి, ఇక స్టీరింగు ముట్టుకోకూడదు అంది. ఆయన తలాడించి బయటికొచ్చాడు. మెట్లమీదే మొదలుపెట్టాడు.

“ఆ పిల్ల ఎప్పుడైనా కొండరోడ్డు మొహం చూసిందా? మన రోడ్డుకి కళ్లెందుకే? నా కాళ్లకు తెలుసు” అన్నాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున చర్చికి వెళ్తుంటే ఆ కాళ్ల సంగతి తెలిసిపోయింది. పాలు పోగుచేసుకుని పికప్ బండిలో తీసుకెళ్లే తంకప్పన్ రోడ్డు పక్కన క్యాన్లు దించి పెట్టుకున్నాడు. మా జీపు ఒక క్యానును గుద్దేసింది. ఆయన బండి ఆపి, తల బయటికి పెట్టి, “రోడ్డు నడిమధ్య రాళ్లు పెట్టిందెవడ్రా?” అని అరిచాడు. రాయట! నేను దిగి చూశాను. క్యాను అప్పడంలా అణిగిపోయి ఉంది. పాలు కాలవలోకి పోతున్నాయి. తంకప్పన్ పక్కనున్న గట్టుమీద లుంగీ సగం కట్టుకొని నిలబడి ఉన్నాడు. ముడి ఊడిందని అప్పుడే పక్కకు తప్పుకున్నాడట. అంతకుముందు ఆ క్యాను ఉన్నచోటే వంగి ఉన్నాడట.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనకు మాత్రం తగాదా కావలసి వచ్చింది. తప్పు క్యానుదేనన్నాడు. ఆ రోజు నుంచి తంకప్పన్‌కూ ఆయనకూ మాటల్లేవు.

ఇంటికొచ్చాక తాళం లాక్కున్నాను. ఆయన పంతానికి దిగాడు. అన్నం మానేశాడు. రెండో రోజు సాయంత్రానికి ఆయన నోట్లోంచే వచ్చింది బేరం.

“జీపు ఊరికే పడుండి తుప్పు పట్టడానికి వీల్లేదు. నడిపేవాళ్లుంటే తాళం వాళ్లది. నువ్వు లైసెన్సు తెచ్చుకో, తాళం నీకే ఇచ్చేస్తా, ఇక జన్మలో అడగను. అంతవరకు తాళం నాది.”

“ఒట్టు వెయ్యి.”

గీవర్గీస్ పుణ్యవంతుడి పటంమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. గుర్రమెక్కిన పుణ్యవంతుడు కాబట్టి బండ్లవాళ్ల బాధ తెలుస్తుందని ఆయన నమ్మకం. నేను గెలవలేననే ధీమా కూడా ఉంది ఆయనకు. నేను సైకిలైనా తొక్కినదాన్ని కాదు.

అలా మొదలైంది నా చదువు. మార్చిలో లెర్నర్ లైసెన్సు తీసుకున్నాను. అది ఆరు నెలలు బతుకుతుంది. రోజూ పొద్దున ఆశాన్ కారులో బొట్ల పాఠం, సాయంత్రం ఇంట్లో మా ఆయన పాఠం. తను ఓడిపోయే పందెంలో నాకు ఆయనే పాఠం చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. నేర్పాలని కాదు. నేను జీపులో కూర్చుని గేరు వేస్తుంటే వచ్చే కరకర శబ్దం ఆయన భరించలేకపోయాడు.

“ఆపవే తల్లీ, నా పళ్లు నొప్పెడుతున్నాయి. కాలు అలా ఎత్తేస్తే క్లచ్చు ఎలా పట్టుకుంటుంది? మెల్లగా వదులు. ఇంకా మెల్లగా. ఇంజను గొంతు మారింది చూడు, విన్నావా? బరువెత్తుకున్న మనిషిలా మూలిగింది. అదీ చోటు. అక్కడ కాలు ఆపు.”

మా పెరడు ఏటవాలుగా ఉంటుంది. వెనక చక్రానికి జానెడు దూరంలో ఆయన ఒక పనసకాయ పెట్టాడు. బ్రేకు లేకుండా, క్లచ్చూ యాక్సిలరేటరుతోనే బండిని ఎత్తులో నిలబెట్టాలి. ముందుకు పోకూడదు, వెనక్కి జారకూడదు. జారితే పనసకాయ పచ్చడే. “పగిలిన కాయ కూర నువ్వే తినాలి” అన్నాడు. మొదటి వారంలో నాలుగు కాయలు పగలగొట్టాను. తినలేక మిగిలింది పెడితే మా ఆవుకు విరేచనాలు పట్టుకున్నాయి. మే నెల చివరికొచ్చేసరికి ఒకే కాయ పదిరోజులు నిలిచింది. అది పండి వాసన వేస్తే కోసుకొని తిన్నాం.

“ఇది చాల్లే, బండిని నడిపించడం ఎవడైనా చేస్తాడు, నిలబెట్టడమే పని” అన్నాడు ఆయన. ఆ ఒక్క మెప్పు చాలా రోజులు దాచుకున్నాను.

కానీ పరీక్షలో పనసకాయ ఉండదు, కడ్డీలు ఉంటాయి. జూన్‌లో మొదటిసారి వెళ్లాను. ఎర్రబొట్టు చూస్తూ ఉంటే వర్షం చుక్క సరిగ్గా దానిమీద పడింది. కడ్డీ కనపడలేదు, వినపడింది. జులైలో రెండోసారి అన్నీ కుదిరాయి, ఆఖరి మలుపులో కంగారుపడి కాలు లేపేస్తే ఇంజను టక్కున ఆగిపోయింది. ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వలేదు. తాళం తీసి మొలలో దోపుకుని, “ఆదివారం చర్చికి నేనే తీసుకెళ్తా” అన్నాడు. ఆ ఆదివారం నేను నడిచే వెళ్లాను. ఐదు కిలోమీటర్లు. ఆయన పక్కనే ఒకటో గేరులో జీపు నడుపుతూ, ఎక్కవే అని బతిమాలుతూ వచ్చాడు. ఎక్కలేదు. ఆ గుడ్డి చక్రాలు నా మీద ఎక్కినా ఫరవాలేదు, ఆ జీపు మాత్రం ఎక్కకూడదని నిశ్చయించుకున్నాను. ఏడుస్తూనే నడిచాను.

మూడోసారి తేదీ సెప్టెంబరు మొదట్లో దొరికింది. అప్పటికి నా లెర్నర్ లైసెన్సుకు మిగిలింది నాలుగు రోజులు. అది పోతే మళ్లీ మొదటినుంచి అర్జీ, మళ్లీ నెలల ఎదురుచూపు. అన్నాళ్లూ తాళం ఆయన మొలలోనే ఉంటుంది. ఆ నాలుగు రోజుల తర్వాత ఏ తంకప్పన్ ఏ మలుపులో వంగి ఉంటాడో అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ పొద్దున ఆరింటికే ఆశాన్ కారు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. నేను బయల్దేరేటప్పుడు ఆయన వరండాలో పాలులేని టీ తాగుతున్నాడు. కొండంతా మంచు కమ్ముకుని ఉంది. “జాగ్రత్త” అని కూడా అనలేదు.

మైదానంలో మా ఆశాన్ కారుతో పరీక్షకు ముగ్గురం. ముందు ఒక బ్యాంకు ఉద్యోగి, తర్వాత కాన్వెంటు నుంచి వచ్చిన సిస్టర్ బెనిట్ట, చివర నేను. ఇన్‌స్పెక్టరు ఆ రోజు కొత్తగా వచ్చిన రెహనా మేడమ్. ముప్పై ఐదేళ్లుంటాయి, గొడుగు చంకలో పెట్టుకుని, మొహంలో ఏ భావం లేకుండా నిలబడింది. బ్యాంకు ఆయన పాసయ్యాడు. సిస్టర్ వంతు వచ్చింది. సగం హెచ్ చక్కగా తీసింది. అక్కడ టప్‌మని చప్పుడైంది. కారు గురకపెట్టి ఆగిపోయింది.

“నేనేం చెయ్యలేదు, ఊరికే తొక్కాను” అంది సిస్టర్, శిలువ గుర్తు వేసుకుంటూ.

ఆశాన్ బానెట్టు ఎత్తి చూసి తల పట్టుకున్నాడు. క్లచ్ వైరు తెగిపోయింది. “చేచ్చీ, కొంప మునిగింది. వైరు దొరికి వేసేసరికి మధ్యాహ్నమవుద్ది” అన్నాడు. మేడమ్ పదకొండుకు ముగించి వెళ్లిపోతుంది. వచ్చేవారం రమ్మంది ఆవిడ. వచ్చేవారానికి నా లైసెన్సు చచ్చిపోయి ఉంటుందని చెప్పాను. “అయితే ఇంకో బండి తెచ్చుకోండి, బండి ఎవరిదైనా నాకు అభ్యంతరం లేదు” అంది.

వేరే ఆశాన్ల బండ్లు రెండున్నాయి. వాటి ముందు వాళ్లవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే బారులు తీరి ఉన్నారు. ఏం చెయ్యాలో తెలియక గేటువైపు తిరిగాను.

గేటు దగ్గర మా జీపు ఉంది.

దాని పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, వేలికి తాళం. నన్ను చూశాడో, అటువైపు ఏదో కదిలిందనుకున్నాడో తెలియదు. ఒళ్లు భగ్గుమంది నాకు. పద్నాలుగు కిలోమీటర్లు, పదకొండు మలుపులు, మంచు. ఆ కళ్లతో! నేను ఏ పని ఆపడానికి ఆర్నెల్లు కడ్డీల మధ్య చచ్చానో, సరిగ్గా ఆ పనే చేసి వచ్చి నిలబడ్డాడు.

“ఓ మనిషీ, సిగ్గుందా నీకు? ఒట్టు వేసి ఎన్నాళ్లయింది?” అంటూ దగ్గరకెళ్లాను.

“పాసయ్యేదాకా తాళం నాదే కదా. ఒట్టులో తప్పేం లేదు” అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. నేనది అప్పుడు పట్టించుకోలేదు.

“దారిలో ఎవరినైనా చంపి వచ్చావా?”

“లేదులే.” జీపు బానెట్టు తట్టి, “ఆశాన్ కారు పోయిందటగా, ఇక్కడ చెప్పుకుంటున్నారు. జీపుంది కదా, తీసుకో” అంటూ తాళం నా వైపు విసిరాడు.

ముప్పై నాలుగేళ్లలో ఆ తాళం తనంతట తానుగా ఎవరి చేతికీ ఇచ్చినవాడు కాదు. నాకు మాత్రం అది వెక్కిరింపులా అనిపించింది. జీపులో హెచ్ ఎలా తీస్తావో చూస్తా అన్నట్టుంది. ఎందుకంటే జీపుకు వెనక అద్దమే లేదు, టార్పాలిన్ ఉంది. బొట్లు లేవు. ఆర్నెల్ల నా చదువంతా ఆ రెండు బొట్లలోనే ఉంది.

ఆ సంగతి ఆశాన్‌కు నాకంటే ముందే తట్టింది. పరుగెత్తుకెళ్లి తన కారు అద్దంమీది బొట్లు గోటితో గీకి తెచ్చాడు. ఒకటి టార్పాలిన్‌కు అంటించబోయాడు. తడి టార్పాలిన్‌కు అది అంటుకోలేదు. ఇంకొకటి నా పక్కనున్న అద్దానికి అంటించి, రెండడుగులు వెనక్కి వేసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ పీకేశాడు.

“ఇది పొడుగు బండి చేచ్చీ, లెక్క కుదరదు. ఏం చేద్దాం?”

“నువ్వు తప్పుకో ఆశాన్” అన్నాను. కోపంలో నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వెనక టార్పాలిన్ తాళ్లు విప్పి పైకి చుట్టి కట్టాను. చూస్తే వెనకంతా మైదానమే. కడ్డీలన్నీ ఒకేసారి కనపడ్డాయి. బొట్టు పక్కన కనపడే ఒక్కో కడ్డీ తప్ప, ఈ ఆర్నెల్లలో హెచ్ మొత్తాన్ని నేను ఎన్నడూ చూసినదాన్ని కాదు. ఆశాన్ ముందు పక్కన ఎర్ర ‘ఎల్’ బోర్డు కట్టాడు.

“మేడమ్, వెనక్కి తిరిగి చూస్తే తప్పా?” అని అడిగాను.

“చూడకుండా వెనక్కి వెళ్తేనే తప్పు. మెడ ఉన్నది ఎందుకు?” అంది ఆవిడ.

ఎక్కి కూర్చున్నాను. మా ఆయన కడ్డీల పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయనకు కడ్డీలు కనపడవు, జీపు కూడా ఒక పచ్చని మరకలా కనపడుతుందేమో. తల కొంచెం వంచి చెవి నావైపు పెట్టాడు.

ముందుకు వెళ్లడం తేలిక. చివరిదాకా వెళ్లి ఆపాను. రివర్సు గేరు వేశాను, కరకరలాడలేదు. కాలు మెల్లగా వదిలాను. ఇంజను మూలిగింది. అక్కడ ఆపాను. జీపు నడవడం నేర్చుకునే పసిపాపలా వెనక్కి బయల్దేరింది. మనిషి నడక కంటే నెమ్మది. మా ఆయన పెరట్లో ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది. బండి మెల్లగా ఉన్నంతసేపు తప్పు దిద్దుకోడానికి నీకు టైముంటుందే, అనేవాడు. మెడ తిప్పి వెనక చక్రం వైపు చూశాను. చక్రం ఎటు పోతే బండి అటే పోతుంది. ఇంత చిన్న విషయం నాకు ఈ ఆర్నెల్లూ ఎవరూ చెప్పలేదు. చెప్పినా బొట్ల ముందు నా చెవికి ఎక్కి ఉండదు. ఎడమ పక్క కడ్డీ దగ్గరకొస్తుంటే కొంచెం తిప్పాను. చాలలేదు, ఇంకొంచెం తిప్పాను. మొత్తం తిప్పెయ్ అని ఎవరూ అరవలేదు. తిరిగింది. అడ్డగీతలోకి వచ్చాను. మళ్లీ రెండోవైపు తిప్పాను.

అక్కడ టైరు రాయి ఎక్కి ఇంజను వణికింది. ఆగిపోతుందనుకున్నాను. పాదం దానంతట అదే క్లచ్చును కాస్త తొక్కి, మళ్లీ అదే చోటికి వచ్చి నిలిచింది. ఇంజను ఊపిరి తీసుకుంది. పక్కనుంచి మా ఆయన గొంతు వినపడింది. నాకు చెప్పలేదు, తనలో తను అనుకున్నాడు. “ఆఁ, అదీ.”

రెండో నిలువుగీత చివరికి చేరాను. ముందుకు, మళ్లీ వెనక్కి, మళ్లీ అడ్డగీత, మొదటి నిలువుగీత. ఆపాను. చూస్తే పన్నెండు కడ్డీలు నిలబడే ఉన్నాయి. సిస్టర్ బెనిట్ట చప్పట్లు కొట్టింది. ఆశాన్ ఆ రెండు బొట్లు వేలికి అంటించుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

మేడమ్ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఇక రోడ్డు పరీక్ష. మైదానం అవతలి ఎత్తుమీదికి తీసుకెళ్లమంది. నడుమ వరకు వెళ్లాక, “ఇక్కడ ఆపండి. ఇప్పుడు కదిలించండి” అంది. అంటూనే డాష్‌బోర్డు మీది కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది. వెనక చక్రం వెనక పనసకాయ ఉందనుకున్నాను. కాలు వదిలాను, మూలిగింది, బ్రేకు తీశాను. జీపు గోరంతయినా జారకుండా ముందుకు కదిలింది.

“ఎవరు నేర్పారు?” అంది మేడమ్, కడ్డీ వదిలేస్తూ. “హెచ్ తీసినవాళ్లతో ఇక్కడికొస్తే మామూలుగా ఇద్దరం కలిసి వెనక్కి జారి, కింద టీకొట్టు దాకా వెళ్తాం.”

“మా ఆయన” అన్నాను.

కాగితంమీద సంతకం పెట్టింది. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు.

మైదానానికి తిరిగొచ్చి మా ఆయన ముందు జీపు ఆపాను. “పాసయ్యాను. ఇక తాళం అడిగావంటే చూడు” అన్నాను. ఆయన తడుముకుంటూ జీపు చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు ఎక్కాడు. కాగితాల ప్రకారం ఇంకా లైసెన్సున్న డ్రైవరు ఆయనే, పక్కన కూర్చుని నేర్చుకునేదాన్ని కాపాడవలసినవాడు. ఆ తమాషా ఇద్దరికీ తట్టింది గానీ, నేను నవ్వలేదు. పద్నాలుగు కిలోమీటర్ల కోపం ఇంకా గొంతులోనే ఉంది.

ఏడు మలుపులు బండి కుదుపు లేకుండా ఎక్కింది. ఆయన కాలు మాత్రం లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. ఎనిమిదో మలుపులో, “ఆపు” అన్నాడు.

“ఇక్కడా? ఎత్తులోనా?”

“ఆపమంటే ఆపు.”

ఆపాను. హ్యాండ్ బ్రేకు లాగి, ఒకటో గేరులో పెట్టి దిగాను. ఆయన చేత్తో లోయ వైపు చూపించాడు. తారు అంచు దాటి, తడి మట్టిలో జీపు చక్రం జాడ ఉంది. జాడ చివర పెద్ద రాయి. రాయికి అవతల ఒక జానెడు గడ్డి. తర్వాత ఏమీ లేదు, కింద మంచు.

“పొద్దున ఇక్కడే ఆగాను. మలుపు వచ్చేసిందని తెలియలేదు. అంతా తెల్లగా ఉంది. స్టీరింగు తేలికైంది. చక్రం కింద మట్టి మెత్తగా తగిలింది. అప్పుడు తొక్కాను బ్రేకు” అన్నాడు. “కాలు తీస్తే కదులుతోంది. తీయలేను. వెనక్కి రావాలంటే ఎటు వెనక్కో తెలియదు. హారను మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను, పావుగంట. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి త్రేసీ, నా కాళ్లకు కూడా ఏమీ తెలియలేదు.”

నేను ఆ జాడ దగ్గరికి వెళ్లి వంగి చూశాను.

“తంకప్పన్ పాలబండి వచ్చింది. దిగి చూసి, చక్రం ముందు ఆ రాయి పెట్టాడు. నన్ను తిట్టలేదు. ఒక్క మాట అన్నాడు, ‘కాస్త పక్కకు జరుగు చేట్టా’ అని. పక్కకు జరిగాను. వాడే వెనక్కి తీసి, మైదానం దాకా నడిపి, నన్ను దింపి బస్సులో వెళ్లిపోయాడు. అంతసేపూ వాడి పాలబండి ఇక్కడే ఉండిపోయింది. పాలు విరిగిపోయి ఉంటాయి.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదయ్యా? నువ్వే నడుపుకుంటూ వచ్చావని నేను…”

“నువ్వు పాసైనా, పోయినా తాళం నీకే ఇచ్చేద్దామని వచ్చాను. అంతమందిలో నోరు రాలేదు. ఆశాన్ కారు పోయిందని విన్నాక, విసిరేశాను.”

అక్కడే, ఆ తారు అంచున కూర్చుని ఏడ్చాను. భయానికి కాదు, భయం అయిపోయినందుకు. ఆర్నెల్లుగా గుండెలమీద ఉన్న రాయి ఆ లోయ అంచున, చక్రం జాడ చివర కనపడుతోంది. ఆయన పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక నా తలమీద చెయ్యి వేయబోయి భుజంమీద వేశాడు. తర్వాత లేచి, నేనే ఆ రాయిని కాలితో గట్టిగా మట్టిలోకి నొక్కాను. ఇంకెవరికైనా పనికి రావచ్చు.

మళ్లీ బయల్దేరాం. తొమ్మిదో మలుపు దాటాక పక్కకు చూస్తే ఆయన కాలు కదలడం లేదు. పదో మలుపు దాటాక తల కిటికీ కడ్డీకి ఆనింది. నోరు కాస్త తెరుచుకుంది. నిద్రపోయాడు. కదిలే బండిలో, వేరేవాళ్లు నడుపుతుంటే, జీపు పైలీ నిద్రపోయాడు! ఆ తర్వాతి కిలోమీటరు నేను నడిపినంత మెత్తగా బహుశా ఆయన కూడా ఎన్నడూ నడిపి ఉండడు.

పెరట్లోకి వచ్చాను. ఏటవాలులో, ఎప్పుడూ పనసకాయ పెట్టే చోట ఆగాను. హ్యాండ్ బ్రేకు లాగితే కిర్రుమంటుంది, ఇంజను ఆపితే కుదుపు వస్తుంది, ఆయన లేస్తాడు. అందుకని క్లచ్చు మీద కాలు ఆ చోటనే ఉంచి, జీపును అలాగే నిలబెట్టాను. ముందుకు పోలేదు, వెనక్కి జారలేదు. ఆయన ఊపిరి, ఇంజను మూలుగు ఒకే తూకంలో వినిపించాయి. ఎంతసేపు అలా ఉన్నానో లెక్క చూడలేదు. ఇక ఎవరికీ ఏమీ కాదు, ఆదివారం చర్చికి నేను నడవక్కర్లేదు, తంకప్పన్‌కు విరిగిన పాలకు, అణిగిన క్యానుకు బదులు మా ఆవు పాలు పంపాలి, ఇవే అనుకుంటున్నాను.

కాలిన వాసన కొద్దిగా వచ్చింది.

“క్లచ్చు కాలిపోతోందే” అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే. “హ్యాండ్ బ్రేకు వెయ్యి.”

“నువ్వు నోరు మూసుకుని పడుకో. డ్రైవర్ని నేను” అన్నాను.

“సరే” అని, మళ్లీ కిటికీ కడ్డీకి తల ఆనించాడు. నేను హ్యాండ్ బ్రేకు లాగాను. కిర్రుమంది. ఆయన లేవలేదు.